బూటు అడుగున పూసిన పువ్వు

ఆ ఉదయం మామగారికి అప్పగించిన పని ఒకటే: అల్లుడి మేనేజరు కాఫీ తాగి వెళ్ళేదాకా గదిలోంచి బయటికి రాకుండా ఉండడం. బూట్ల కంపెనీలో అల్లుడి ప్రమోషన్ ఆ కాఫీ మీదే ఆధారపడి ఉంది.

ఆయనకు గదిలో చేతినిండా పనే. పోయిన భార్య ఫోటోలతో కూతురు ఆల్బమ్ చేస్తోంది. అట్ట మీద అతికించడానికి రాగిరేకు పువ్వు కావాలి. గరుకైన వస్తువు మీద పల్చటి రేకు పరిచి చెంచా కాడతో రుద్దితే, కింద ఉన్నదాని అచ్చు పైకి తేలుతుంది. దువ్వెన మీద రుద్దితే రైలు పట్టాలు వచ్చాయి. తురుముపీట మీద రుద్దితే రేకే చిరిగింది. మిగిలింది ఒక్క ముక్క.

మంచినీళ్ళకని అడుగులో అడుగేసుకుంటూ బయటికొచ్చిన ఆయనకు గుమ్మం దగ్గర బోర్లా పడిన బూటు కనిపించింది. అడుగున అలలు, అలల నడుమ రేకులు విప్పిన పువ్వు. బూటు ఎవరిదన్న ఆలోచనే రాలేదు. గదిలోకి తెచ్చి, శుభ్రంగా కడిగి, తుడిచి, రేకు పరిచి రుద్దాడు. పువ్వు చక్కగా విచ్చుకుంది.

అంతలో బయట కలకలం. అల్లుడు ఒంటి బూటు పట్టుకుని బిక్కమొహం వేశాడు.

"కింది వాళ్ళ కుక్క పనే అయి ఉంటుంది సార్."

మామగారికి విషయం అర్థమైంది. ఇంకేమీ తోచక బూటును దిండు కింద పెట్టి దానిమీద కూర్చున్నాడు.

కింది ఆవిడ చెవిన ఆ మాట పడనే పడింది. కుక్కతో సహా పైకి వచ్చింది. "మా వాడు దొంగా? ఆ బూటేదో వాడే వెతికిపెడతాడు, ఉండండి."

కుక్క మిగిలిన బూటు వాసన చూసి, తిన్నగా గదిలోకి వెళ్ళి మామగారి ఎదుట కూర్చుంది. వెనకే అందరూ వచ్చారు.

"నాన్నా, లే," అంది కూతురు.

"మోకాళ్ళ నొప్పులమ్మా."

"నాన్నా."

లేచాడు. దిండు కింద బూటు బయటపడింది. అల్లుడి మొహంలో నెత్తురుచుక్క లేదు. మేనేజరు మాత్రం తడి బూటును వదిలేసి, బల్ల మీది రాగిపువ్వును తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు.

"ఈ డిజైన్ ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను గీసిందండీ. ఇన్నేళ్ళుగా తొక్కినవాళ్ళే తప్ప చూసినవాళ్ళు లేరు."

మామగారు మెల్లగా భార్య ఫోటో ముందుకు జరిపాడు. "మా ఆవిడకి నప్పుతుంది కదండీ?"

"చాలా," అన్నాడు మేనేజరు, పువ్వును ఫోటో పక్కన పెడుతూ.

అల్లుడికి ప్రమోషన్ వచ్చింది. మేనేజరు ఇప్పుడు వాళ్ళింటికి ఎప్పుడొచ్చినా, గుమ్మంలో బూట్లు బోర్లించి మరీ లోపలికి వస్తున్నాడు.