నరం తలుపు తెరుచుకోలేదు

ఇవాళ ఒక్క కణమైనా మాట వినాలి, పెందలాడే ఇంటికొచ్చి పడుకోవాలి. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి కోడలు వేసుకున్న పథకం ఇంతే. ఆమె పనంతా ల్యాబ్‌లో, ఎలుక మెదడు నాడీకణాల మీద. గ్లుటమేట్ అనే రసాయనం కణం మీదున్న గ్రాహకాన్ని తాకితే, అందులోని సన్నటి ద్వారం తెరుచుకుని అయాన్లు లోపలికి దూకాలి. ఆ కరెంటుకి కంప్యూటర్ తెర మీద గీత కిందికి వంగాలి. నెల రోజులుగా గీత వంగలేదు. ఆమె నడుమే వంగింది.

అంతలో ప్రొఫెసర్ నుంచి ఫోన్.

"ఏం చెప్పమంటారు సార్? గ్లుటమేట్ ఎంత పోసినా తలుపులు తెరుచుకోవట్లేదు. నరం చచ్చుబడినట్టే ఉంది. ఇవాళ్టితో ఏదో ఒకటి తేలిపోతుంది," అంది నీరసంగా.

వంటింటి గుమ్మంలో ఉన్న అత్తగారు అక్కడే కూలబడింది. కోడలు వీధి మలుపు తిరగ్గానే కూతురికి ఫోన్ చేసింది.

"మీ వదినకి నరాలు చచ్చుబడిపోయాయే! మందు పోసినా ఎక్కట్లేదట. ఇవాళ గడిస్తే గొప్పట!"

ఆడపడుచు దానికి కాస్త కన్నీరు కలిపి బాబాయికి చేరవేసింది. మధ్యాహ్నానికల్లా ఆ వార్తలో కోడలికి కాళ్లూ చేతులూ పడిపోయాయి, మాట కూడా పోయింది.

సరిగ్గా అప్పుడే కోడలు ఊపిరి బిగబట్టి, వెంట్రుక కంటే సన్నని గాజు గొట్టం మొనను ఒక కణానికి అతికించింది. గ్లుటమేట్ చుక్క వదిలింది. గీత వణికింది. వంగడం మొదలుపెట్టింది.

ధడాలున తలుపు తెరుచుకుంది. ల్యాబ్ తలుపు.

"వదినా!" అంటూ ఆడపడుచు, వెనకే అత్తగారు, ఆవిడ వెనక చక్రాల కుర్చీ తోసుకుంటూ బాబాయి. కుర్చీ వెళ్లి బల్లకు కొట్టుకుంది. గాజు మొన విరిగింది. తెర మీద గీత చెదిరిపోయింది.

కోడలికి నిజంగానే మాట పడిపోయింది. గోడకి ఆనుకుని అలాగే కిందికి జారింది.

"అయ్యో, కాళ్లు కూడా పోయాయి!" అత్తగారు బావురుమంది.

గొడవ విని ప్రొఫెసర్ పరుగున వచ్చాడు. కోడలి ఎర్రటి కళ్లు చూసి నిర్ఘాంతపోయాడు.

"నరాలు, నరాలంటుంటే ఎలుకవి అనుకున్నానమ్మా. నీవా! వారం పాటు ఈ ల్యాబ్ మొహం చూడకు. ఇంటికెళ్లి పడుకో."

ఎన్నిసార్లు బతిమాలినా దొరకని సెలవు. నిజం చెబుదామని నోరు తెరిచింది. ఓపిక లేక మూసేసుకుంది. బుద్ధిగా వెళ్లి చక్రాల కుర్చీలో కూర్చుంది.

ఇంటికి చేరేసరికి హాలు నిండా చుట్టాలు.

పరామర్శకొచ్చిన వాళ్లందరికీ రోగే కాఫీలు పెట్టింది.