పసుపు పెట్టిన చొక్కా

శ్యామ్‌సుందర్‌కి ఒళ్ళు మండిపోయింది. అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో కార్ల సీట్లు డిజైన్ చేసే ఇంజినీరు, రేపు జర్మనీ క్లయింటు ముందు నిలబడి మాట్లాడాల్సిన మనిషి. అలాంటివాడికి భార్య మీనా డిస్కౌంట్ స్టోర్‌లో ఏరి ఏరి చూపిస్తున్నది బూడిదరంగు చొక్కా!

"ఇది వేసుకుంటే నన్ను కూడా సీటు కవరనుకుంటారు," అన్నాడు.

"ఆఫీస్‌కి పనికొస్తుంది, ఇండియన్ గ్రాసరీకి పనికొస్తుంది. ఇంకేం కావాలండీ?"

"ఆ కాలర్ చూడు! వడిలిన తోటకూరలా ఎలా వాలిపోయిందో!"

"అవసరానికి తగ్గ బట్టలే కొనాలని రూల్ పెట్టిందెవరో?"

ఎవరో కాదు, ఆయనే. పోయిన నెల మీనా ఆన్‌లైన్‌లో ఉప్పాడ పట్టుచీర తెప్పించుకుంటే ఇల్లు పీకి పందిరేశాడు. "అది వెనక్కి వెళ్ళేదాకా ఈ ఇంట్లో అన్నం ముట్టను," అన్నాడు. మర్నాడే పంపించేశానంది మీనా. ఆ గెలుపుతో అప్పట్నుంచీ కాలర్ ఎగరేసుకు తిరిగాడు. ఇప్పుడు ఆ కాలరే మెడకి చుట్టుకుంది.

రూల్ పెట్టినవాడే తప్పితే ఇక ఇంట్లో నోరెత్తే యోగముండదు. అలాగని క్లయింటు ముందు తోటకూర వేసుకెళ్తాడా? "నా చొక్కా నేనే చూసుకుంటాలే," అని మీనాని ఇంట్లో దింపి, ఒక్కడే మాల్‌కి వెళ్ళి లేతనీలం చొక్కా ఒకటి కొన్నాడు. ధర చూసి కళ్ళు తిరిగాయి. అయినా కుడిచేతి కఫ్‌కి వేలాడే ట్యాగ్‌ని లోపలికి దోపి, ఒక్కరోజు వేసుకుని, సాయంత్రం రిటర్న్ చేసేస్తే సరి! తన తెలివికి తనే మురిసిపోయాడు.

"క్లియరెన్స్ సేల్‌లో చవగ్గా దొరికింది," అన్నాడు ఇంటికొచ్చి.

"అబ్బ, ఎంత బావుందో! ఇలా ఇవ్వండి, ఇస్త్రీ చేసిపెడతాను."

వద్దు వద్దనేలోపే లాక్కుపోయింది. పొద్దున చూసుకుంటే ట్యాగ్ దోపింది దోపినట్టే ఉంది. హమ్మయ్య అనుకున్నాడు.

మీటింగ్‌లో క్లయింటు చెయ్యి చాపాడు. తనూ చాపితే ట్యాగ్ బయటికొస్తుంది. శ్యామ్‌సుందర్ మోచెయ్యి డొక్కకి అతికించుకుని రెండు వేళ్ళిచ్చాడు. "ఈజ్ యువర్ షోల్డర్ ఓకే?" అని మేనేజర్ జాలిపడ్డాడు. భుజానికేం రోగం? గుండ్రాయిలా ఉంది! అయినా పళ్ళు బిగించి, స్లైడ్లన్నీ ఎడంచేత్తోనే తిప్పాడు.

సాయంత్రం కార్‌లోనే టీషర్ట్‌లోకి మారి, చొక్కాని రిటర్న్ కౌంటర్ మీద పెట్టాడు. అక్కడి అమ్మాయి కాలర్ తిరగేసింది.

"సర్, ఈజ్ దిస్ మస్టర్డ్?"

కాలర్ లోపల బొట్టంత పసుపు!

"మస్టర్డా? టర్మరిక్! అవర్ కల్చర్!" అని మండిపడ్డాడు. కల్చర్ అయినా సరే, తీసుకోం అంటే తీసుకోం అంది ఆ పిల్ల.

ఇంటికొచ్చి చొక్కాని సోఫా మీదకి గిరాటేశాడు. "పసుపు ఎవరు పెట్టమన్నారు నిన్ను?"

"భలేవారే, కొత్తబట్ట పసుపు పెట్టకుండా వేసుకుంటారా ఎక్కడైనా?"

"పసుపు పెట్టిన బట్టని ఈ దేశంలో ఎవడూ వెనక్కి తీసుకోడు, తెలుసా!"

అన్నాక నాలిక కరుచుకున్నాడు.

"క్లియరెన్స్ చొక్కాని వెనక్కివ్వడం దేనికండీ?" అంది మీనా తాపీగా. "ఇస్త్రీ చేస్తుంటే ట్యాగ్ కనిపించిందిలెండి. అందులో ధర చూశాకే పసుపు పెట్టాను."

అని లోపలికెళ్ళి, కాసేపటికి ఉప్పాడ పట్టుచీర కట్టుకుని వచ్చింది.

"ఇది... ఇది వెనక్కి పంపించలేదూ?"

"పంపిద్దామనే అనుకున్నానండీ. తీరా చూస్తే పెట్టె విప్పగానే పసుపు పెట్టేశాను. మరి పసుపు పెట్టిన బట్టని ఎవరూ తీసుకోరట కదా!" కొంగు మూల పసుపు బొట్టు చూపించింది. "చీర ఇంట్లోనే ఉంది మరి. అన్నం తింటారా, మానేస్తారా?"

శ్యామ్‌సుందర్ వెళ్ళి కంచం ముందు కూర్చున్నాడు.