మా వాగును పచ్చగా మార్చిన ఘనత నాదే!

పర్యావరణం గురించి బెంగపెట్టుకున్న పాఠకులారా, ఇక హాయిగా కాళ్లు చాపుకుని కూర్చోండి. ప్రపంచాన్ని పచ్చగా మార్చాలని మీరంతా ఇంకా మీటింగుల దగ్గరే ఉన్నారు. నేను మా వాగును ఆల్రెడీ మార్చేశాను. నీళ్లతో సహా!

అవునండీ, మా వాగులో ఇప్పుడు నీళ్లు కనిపించవు. ఈ చివర నుంచి ఆ చివర దాకా చిక్కటి పచ్చటి నాచు! విత్తనం చల్లలేదు, కలుపు తీయలేదు, కూలీలను పిలవలేదు. నేను చేసిందల్లా నా నాలుగెకరాల మేత గడ్డికి యూరియా వేయడమే. గడ్డి తాగినంత తాగింది, మిగిలింది వానతో కలిసి వాగులోకి దిగింది. ఒక్క బస్తాతో రెండు పంటలు! ఇంతకంటే పొదుపుగా ఎవరు సేద్యం చేయగలరు చెప్పండి?

చేపలు చచ్చిపోయాయని కొందరు గిట్టనివాళ్లు గోల పెడుతున్నారు. ఎంతసేపూ చేపల తరఫునే ఆలోచిస్తారేం? మా బావమరిది తరఫున కూడా కాస్త ఆలోచించండి. పాపం, పదేళ్లుగా గాలం పట్టుకుని గట్టు మీద కూర్చున్నా ఒక్కటీ తగిలేది కాదు. మొన్న వాటంతటవే వెల్లకిలా తేలుతూ ఒడ్డుకొచ్చాయి! ఆనందం పట్టలేక బుట్ట కోసం ఇంటికి పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి వాసన ఎదురొచ్చింది. బుట్ట అక్కడే పడేసి మళ్లీ పరుగు! డాక్టర్లు ఎన్నేళ్లుగా చెప్పినా చేయని వ్యాయామం ఒక్క పూటలో చేసేశాడు.

అసలంత యూరియా ఎందుకయ్యా అంటారా? మేత కొనడానికి డెయిరీ సూపర్‌వైజర్ లారీ వేసుకుని వస్తాడు. ఆయన దగ్గర ఉండేవి రెండే రెండు ఆయుధాలు: ఒక కాటా, ఒక రంగుల అట్ట. ఆ అట్ట మీద లేత పచ్చ నుంచి ముదురు పచ్చ దాకా ఆరు గళ్లుంటాయి. గడ్డి ఆకును దాని పక్కన పెట్టి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి పరీక్షగా చూస్తాడు. ఆరో గడికి సరిపోతే టాప్ రేటు. నాలుగో గడి దగ్గర ఆగిపోతే మొహం చిట్లించి, "కలర్ లేదు సార్, కలర్ లేదు!" అంటాడు. లోపల ఏముందో తేల్చే పరికరం ఆయన దగ్గర లేదు. ఆ పని ఆవులకు వదిలేశాడు.

ఇక కాటా సంగతి. తడి గడ్డి బరువు తూగుతుంది కదా! అందుకే కోతకు ముందురోజు అందరం మోటార్లు ఆన్ చేసి మళ్లనిండా నీళ్లు పెడతాం. బోర్లు ఎండిపోతున్నాయని ఏడుస్తారెందుకు? ఎండడం లేదండీ బాబూ, లారీ ఎక్కి డెయిరీకి వెళుతున్నాయి!

లాభానికీ పర్యావరణానికీ బ్యాలెన్స్ కుదరదని ఎవరన్నారు? లాభం నాకు, మిగతాదంతా వాగుకు. ఇద్దరం ఎప్పుడూ పోట్లాడుకోలేదు.

ఈ ప్రగతిని ఓర్వలేనివాడు మా పక్క చేను పెదనాన్న ఒక్కడే. ఆయన గడ్డి సాళ్ల మధ్య అలసంద వేస్తాడు. యూరియా బదులు పేడ ఎరువు తోలతాడు. పైగా వాగు పక్కన పదడుగుల వెడల్పున దున్నకుండా వదిలేస్తాడు!

"అంత చోటు దండగ చేశావేంటి పెదనాన్నా?" అని అడిగాను.

"అది వాగు చోటురా, మనది కాదు" అన్నాడు.

చూశారా చాదస్తం! ఆయన గడ్డి మూడో గడి దాటదు. లారీ ఆయన చేను ముందు హారన్ కూడా కొట్టదు.

ఇక్కడ మీకొక ఇంటి గుట్టు చెప్పాలి. మాకో ఆవుంది. తొలిచూలు, ఎనిమిదో నెల. మా ఆవిడకు నాకంటే అదంటేనే ప్రాణం. పోయిన నెల ముద్దుగా నా ఆరో గడి గడ్డి మోపెడు దాని ముందు వేశాను. మధ్యాహ్నానికల్లా రొప్పుతూ కూలబడింది.

పశువుల డాక్టరు చిగుళ్లు చూసి, "రక్తం గోధుమరంగుకు తిరుగుతోంది. యూరియా ఎక్కువై గడ్డి విషమైంది. ఈ గడ్డి ఎక్కడ కొన్నారండీ?" అన్నాడు.

"కొనలేదండీ, నేనే పండించాను!" అన్నాను. అలవాటుకొద్దీ గర్వంగానే అన్నాను.

ఆయన నన్నొకసారి, ఆవునొకసారి చూసి, నీలం రంగు మందు ఎక్కించాడు. పచ్చ గడ్డి, గోధుమ రక్తం, నీలం మందు! సూపర్‌వైజర్ అట్ట మీద కూడా ఇన్ని రంగుల్లేవు. అది మళ్లీ లేచి నిలబడేదాకా నేను దాని పక్కనుంచి కదల్లేదు, అది మాత్రం నిజం.

ఆవు బతికింది. కడుపులో దూడ కదులుతోంది. "ఈనేదాకా ఈ గడ్డి ముట్టనివ్వకండి. మరోసారి తింటే రెండు ప్రాణాలూ దక్కవు" అని చెప్పి డాక్టరు వెళ్లిపోయాడు. "మీ గడ్డి ఈ గుమ్మంలోకి వచ్చిందా, మీరు బయటికే!" అంది మా ఆవిడ.

అప్పటినుంచి దివ్యమైన ఏర్పాటు చేసుకున్నాను. నా గడ్డి లారీకి, పెదనాన్న గడ్డి మా ఆవుకు! లారీలో పోయేది ఎవరి ఆవులు తింటున్నాయో, ఆ పాలు ఎవరు తాగుతున్నారో నాకు తెలియదు. మీకు తెలిస్తే దయచేసి నాకు చెప్పకండి.

నిన్న గడ్డి కోసం వెళ్లేసరికి పెదనాన్న చేలో అలసంద తీగలన్నీ పీకేసి ఉన్నాయి. వాగు పక్కన పదడుగులూ దున్నేశాడు. గట్టు మీద కూర్చుని యూరియా బస్తా కుట్టు విప్పుతున్నాడు.

"ఇదేంటి పెదనాన్నా!" అన్నాను.

"ఎన్నాళ్లని చూస్తూ కూర్చోనురా? ఈసారి లారీ నా చేను ముందు కూడా ఆగాలి. ఎంతైనా నువ్వే గెలిచావు" అని భుజం తట్టాడు.

పాఠకులారా, మా ఆవు ఈనడానికింకా నెలన్నర ఉంది. మూడో గడి గడ్డి పండించే చాదస్తులు మీ ఎరుకలో ఎవరైనా మిగిలుంటే కాస్త అడ్రస్ చెప్పి పుణ్యం కట్టుకోండి. కలర్ లేకపోయినా ఫర్వాలేదు. ఇది అమ్మడానికి కాదు, మా ఇంటి ఆవుకు.