ఇస్సాకు రైలు టైముకొచ్చింది

రైలు లేటుగా నడవడం కంటే మనిషికి మేలు చేసే సంగతి ఈ దేశంలో ఇంకొకటి లేదు! అది దేవుడిచ్చిన దీవెన!

నవ్వకండి. తమ పేరుకు ముందు ఇంకా 'లేటు' పడలేదంటే, తమ రైలుకు ముందు ఆ ముక్క పడుతున్నందువల్లే. టైముకు కదిలే రైలు వెంట పరుగెత్తి గుండె పట్టుకున్నవాళ్ళు పై దేశాల్లో ఎందరో! మన దగ్గర? తాపీగా చాయ్ తాగి, పాన్ కట్టించుకుని, అల్లుడి మీద నాలుగు చాడీలు చెప్పుకుని ప్లాట్‌ఫారం మీదికి వెళ్తే, రైలు ఇంకా రాలేదని వాళ్ళే మనకు విచారం తెలియజేస్తారు. మైకులో! మూడు భాషల్లో! కన్న కొడుకు చెబుతాడా అలా?

ఇక కనెక్షన్ సంగతి చూడండి. మన బస్తీలో నల్లా కనెక్షన్‌కు అర్జీ పెట్టినవాడు మనవడి పెళ్ళిలో గాని నీళ్ళ చుక్క చూడడు. అలాంటిది ఆకాశంలో వచ్చే విమానానికీ, రెండు రాష్ట్రాల సరిహద్దులు దాటే రైలుకూ కనెక్షన్ కలవాలంటే మాటలా? అదీ క్రిస్మస్ సెలవుల గర్దీలో!

విమానం ఒక్కటే లేటైతే రైలు తప్పుతుంది. రైలు ఒక్కటే లేటైతే పండగ తప్పుతుంది. రెండూ లేటైతే? మొగుడూ పెళ్ళాం ఇద్దరూ గురకపెట్టే కాపురంలా దివ్యంగా సాగిపోతుంది!

నమ్మకం లేకపోతే కంచన్‌బాగ్ పక్క బస్తీలో ఉండే ఇస్సాకును అడగండి.

ఇస్సాకు కువైట్‌లో వెల్డర్. ఎంత మొండి ఇనుమునైనా అతికిస్తాడు. తనకూ తన ఇంటికీ అతుకు వేయడమే అతని చేతిలో లేదు. అతను వెళ్ళాక పుట్టిన బిడ్డకు నడకొచ్చింది గాని పేరు రాలేదు. "బాపు ఎత్తుకుంటేనే బాప్తిస్మం. అప్పటిదాంక పేరు లేదు, ఏం లేదు" అని భార్య రాహేలు పట్టు పట్టింది. క్రిస్మస్ రోజు మధ్యాహ్నమని పాస్టరు అయ్యగారితో మాట్లాడుకున్నారు. ఆ సాయంత్రమే ఆయన బస్సెక్కి ఊళ్ళలోని సంఘాలకు వెళ్ళాలి. మళ్ళీ ఈస్టరుకు గాని రారు. ఈస్టరు నాటికి ఇస్సాకు మళ్ళీ కువైట్‌లో ఉంటాడు.

మరి విమానం ఏం చేసింది? కువైట్‌లోనే సగం రోజు కునుకు తీసింది. బొంబాయిలో దిగితే కస్టమ్స్. కష్టమ్స్ అనాలి దాన్ని! ఇస్సాకు తెచ్చిన టేపురికార్డరును ముందుకు తిప్పారు, వెనక్కి తిప్పారు, పాడమన్నారు. అది గొంతు సవరించుకునే లోపల రైలు టైము కాస్తా దాటిపోయింది.

బిడ్డ పేరు మునిగిందనుకుని, టాక్సీలో కళ్ళు తుడుచుకుంటూ స్టేషన్‌కు వస్తే, ఏముంది? రైలు అక్కడే ఉంది! ఇంజనే ఇంకా రాలేదట!

చూశారా అయ్యలారా, లేటు మహిమ? ఆ రైలే గనక టైముకు కదిలి ఉంటే?

ఇక్కడికి కథ కంచికి పోవలసింది. కానీ దారిలో ఏ డ్రైవరు ఇంట్లో పండగో ఏమో, సరిహద్దులు ఎప్పుడు దాటాయో తెలియకుండా తోలాడు. క్రిస్మస్ పొద్దున, అచ్చేసిన నిమిషానికి రైలు హైదరాబాదులో నిలబడింది.

టైముకు! ఇంతకంటే ఘోరం ఉంటుందా?

ఎందుకంటే ఇంటి దగ్గర లెక్క వేసింది రాహేలు అన్న ప్రకాశం. అతను ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి దుకాణం గుమాస్తా. గంజ్‌లో ఏ బస్తా తూచినా చెత్తకూ దుమ్ముకూ కొంత తరుగు తీసేస్తారు. ఆ అలవాటు కొద్దీ అతను టైం టేబుల్‌కు కూడా తరుగు తీస్తాడు.

"రైలు పొద్దుగాలనట గదనే అన్నా?" అంది రాహేలు.

"అచ్చేసినోనికేంది చెల్లె, ఏమైన అచ్చేస్తడు. తరుగు తీస్తే మధ్యాహ్నం. ఫికర్ చేయకు."

మధ్యాహ్నం తెల్ల గౌనులో బిడ్డను ముస్తాబు చేసి ప్లాట్‌ఫారం మీదికి పోయారు. బొంబాయి రైలు పొద్దున్నే వచ్చేసిందన్నాడు స్టేషన్ ఆయన.

ప్రకాశం నవ్వాడు. "గది నిన్నటిది సార్. మాది ఇయ్యాల్టిది."

"ఇయ్యాల్టిదే వచ్చిందయ్యా. టైంకొచ్చింది!"

"టైంకొచ్చిందంటేనే తెలుస్తలేదా సార్, గది నిన్నటిదని? ఎవల్ని పరాచికం చేస్తున్నరు?" అని బెంచీ మీద టవల్ పరిచి కూర్చున్నాడు. కూర్చోడా మరి? పుట్టి బుద్ధెరిగాక చూడని వింతను ఎవరో చెబితే నమ్ముతాడా?

అక్కడ ఇస్సాకు సంగతి వేరే ఉంది. పొద్దున దిగి చూస్తే ఒక్కరూ లేరు. బావ సంగతి అతనికి తెలుసు. 'తరుగు తీసి వస్తడు. నేను ఇంటికి పోతే ఈడ బెంగటిల్లుతరు' అనుకుని పెట్టెలు గేటు బయటికి లాగించి, వాటి మీదే ఒరిగి, మొహానికి తువ్వాల కప్పుకుని నిద్రపోయాడు. పక్కనుంచే అందరూ లోపలికి పోయారు. రైల్లో వచ్చే మనిషి కోసం గేటు బయట ఎవరు చూస్తారు? గోడకు ఇవతల బాపు, అవతల బిడ్డ!

చివరికి పొద్దు వాలాక బిడ్డకు పాలు తెద్దామని బయటికొచ్చిన రాహేలుకు ఒక పెట్టె కనిపించింది. దాని మీద తెల్ల రంగుతో పెద్ద పెద్ద అక్షరాలు: ఇస్సాకు, కంచన్‌బాగ్, హైదరాబాద్.

తువ్వాల లాగింది.

"ఎప్పుడు దిగినవ్?"

"పొద్దుగాలనే దిగిన."

"టైంకా?"

"టైంకే."

"ఇన్నొద్దులు లేట్ చేసినోనివి, ఇయ్యాలనే టైంకు రావాల్నా?" అంది. నవ్వుతూ అందో ఏడుస్తూ అందో ఇస్సాకుకు కూడా అంతు పట్టలేదు.

చర్చికి ఉరికితే తాళం. అయ్యగారు చూసి చూసి బస్టాండుకు పోయారట. బస్టాండుకు ఉరికేసరికి బస్సు టైము ఎప్పుడో దాటింది. కానీ అయ్యగారు బైబిలు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీదే ఉన్నారు!

"దేవుడు గొప్పోడు ఇస్సాకూ, బస్సు రాలే!" అన్నారాయన.

పొద్దున రావలసిన నల్లా నీళ్ళు కూడా బస్టాండులో అప్పుడే వచ్చాయి. చెంబు పట్టారు. బాపు ఎత్తుకున్నాడు, కొత్త మనిషని బిడ్డ కెవ్వుమంది, అయ్యగారు నీళ్ళు చిలకరించారు. పేరు దీవెనమ్మ. టైముకొచ్చిన రైలు చెడగొట్టిన పనిని లేటైన బస్సు చక్కబెట్టింది! రుజువైందా, లేదా?

ఇంక తిరుగు ప్రయాణం ఒక్కటే మిగిలింది. మళ్ళీ అదే కనెక్షన్, ఈసారి తలకిందులుగా: ముందు రైలు, తర్వాత విమానం. విమానం తప్పితే నౌకరీ తప్పుతుంది. ప్రకాశం తరుగు తీయడం మొదలుపెట్టాడు.

"రైలు లేటుకు ఒక దినం. గర్దీకి ఒక దినం. విమానం ఖర్మ కాలి టైంకే ఎగిరితే? గా భయానికి ఇంకో దినం. జర ముందే పోవాలె బావ."

వాకిట్లో దీవెనమ్మ ఇస్సాకు వేలు పట్టుకుని నడుస్తోంది. అతన్ని చూసి ఏడవడం మానేసి, 'బాపు' అన్నది ఆ పొద్దునే.

"లేటైతే రైలు లేటైతది గదనే అన్నా," అంది రాహేలు. "తరుగు నా బిడ్డ దినాలకెందుకు తీస్తున్నవ్?"

అయినా ఇస్సాకు మూడు దినాలు ముందే బయల్దేరాడు.

ఆ రోజు రైలు పొద్దంతా లేటు. పొద్దంతా దీవెనమ్మ ప్లాట్‌ఫారం మీద బాపు ఒళ్ళో ఆడుకుంది. తరుగు పోయిన మూడు దినాల్లో అతనికి తిరిగి దక్కింది ఆ పొద్దు ఒక్కటే.

లేటు దీవెన అంటే నవ్వారు కదూ? ఏదీ, ఇప్పుడు నవ్వండి!