నాకేం లేదన్న పెద్దమనిషి

ఆ శుక్రవారం పొద్దున్న లోరెట్టా హాస్కిన్స్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. నెబ్రాస్కాలోని ఎల్క్‌ఫోర్డ్ కాలేజీలో ఫిజీషియన్ అసిస్టెంట్ల, అంటే డాక్టరు కింద వైద్యం చేసేవాళ్ల, కోర్సుకు ఆవిడ డైరెక్టరు. పదకొండింటికి కింద హాల్లో అభినందన సభ. ఆ ఏడాది పేరు తెచ్చిన అధ్యాపకులకూ విద్యార్థులకూ బహుమతులు, ఆపైన బీన్సు వేసిన చిల్లీ కూర, దాల్చినచెక్క రోల్సు. బహుమతులివ్వడానికి జిల్లా ఆస్పత్రుల బోర్డు అధ్యక్షుడు హార్లన్ స్వెడ్‌లండ్ వస్తాడు. అదే సమయానికి మేడమీద గదిలో జోలీన్ వాచెక్ అనే అమ్మాయికి రెండోసారి పెట్టే పరీక్ష చడీచప్పుడూ లేకుండా అయిపోతుంది. పండగపూట తప్పినవాళ్ల ఊసెందుకని లోరెట్టా ఉద్దేశం.

జోలీన్‌కి మాత్రం అది చావుబతుకుల పరీక్ష. అక్కడ జబ్బుమనుషుల్లా నటించడానికి నటుల్ని పిలుస్తారు. విద్యార్థులు వాళ్లని ప్రశ్నలడిగి, నాడి పట్టి, జబ్బేమిటో కనిపెట్టాలి. మొదటిసారి వచ్చిన నటుడు "నాకేం లేదమ్మా" అన్నాడు. జోలీన్ "పోన్లెండి, సంతోషం" అని చెయ్యి కలిపి బయటికొచ్చేసింది. పాపం, అతనికిచ్చిన పాత్రకి గుండెపోటు! ఈసారీ తప్పితే పెట్టె సర్దుకుని ఇంటికి పోవడమే.

"ఇవాళొచ్చేవాడు మరీ మొండిఘటం," అని పరీక్ష పెట్టే వెర్నన్ కాష్ ముందే చెప్పాడు. "అసలు రోగినే కాదంటాడు. నమ్మావో, మునిగావే! కెమెరాలో ఎక్కుతుంది కదా, నేను తర్వాత చూస్తాలే. కింద నాకు ఉత్తమ అధ్యాపకుడి బహుమతి ఇస్తున్నారు." అందుకోసం ఆయన కొత్త టై కూడా కట్టుకొచ్చాడు.

వాకిట్లో కూర్చుని వచ్చినవాళ్లకి దారి చూపే బెర్నీస్‌తో వెర్నన్ "కోటేసుకుని ఒక తలనెరిసిన పెద్దాయన వస్తాడు, మేడమీదికి పంపు" అన్నాడు. లోరెట్టా "కోటేసుకుని ఒక తలనెరిసిన పెద్దాయన వస్తారు, వేదిక మీదికి తీసుకురా" అంది. పేర్లు చెప్పాలన్న ఇంగితం ఇద్దరికీ లేకపోయింది. వాళ్లిద్దరూ ఒకటి తలిస్తే బెర్నీస్ మరొకటి తలచింది. ముందొచ్చినవాడు మేడమీదికి, వెనకొచ్చినవాడు వేదిక మీదికి అని తేల్చేసింది. ముందొచ్చినవాడు స్వెడ్‌లండ్.

"సార్, చొక్కా విప్పి ఈ కాగితం గౌను తొడుక్కోండి," అంది జోలీన్.

"గౌనేమిటి? నేను బహుమతులివ్వడానికొచ్చానమ్మాయ్!"

ఆహా, ఏం నటన అనుకుంది జోలీన్. "అలాగే ఇద్దురుగాని. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?"

"నేను ఆస్పత్రుల బోర్డు అధ్యక్షుణ్ణి!"

"పోయినసారి వచ్చినాయన ఉత్త రైతేనండీ. మీరు ఏకంగా అధ్యక్షులా! ఆయాసం సంగతి చెప్పండి."

"నాకేం లేదంటుంటే వినవేం?"

"ఆ మాట ఒకసారి నమ్మి నాశనమయ్యాను సార్," అంటూ జోలీన్ తలుపుకి అడ్డంగా నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంకోసారి నమ్మలేను. దయచేసి నిజం చెప్పండి."

ఎవరూ తనని అంత బతిమాలి అడిగినట్టు స్వెడ్‌లండ్‌కి గుర్తులేదు. ఆయన మెత్తబడి బల్లమీద కూర్చున్నాడు. "మా ఆవిడకి చెప్పనంటే చెబుతా. కొన్నాళ్లుగా ఎడమచెయ్యి లాగేస్తోంది."

కింద ఇంకో భాగవతం నడుస్తోంది. రోగి వేషానికి ఒమాహా నుంచి వచ్చిన నటుడు ఓటిస్ ప్లమ్‌ని "అధ్యక్షులవారికి స్వాగతం" అంటూ, అసలాయన్ని ఎప్పుడూ చూడని లోరెట్టా వేదికెక్కించింది. పరీక్ష ముగిసిన గంట మోగేదాకా పాత్ర వదలకపోవడం ఓటిస్ వ్రతం. ఓహో, ఇవాళ రోగి అధ్యక్షుడన్నమాట అనుకుని, కోటు సర్దుకుని, మొక్కజొన్న రైతుల మీదా ఆరోగ్యం మీదా అప్పటికప్పుడు దంచేశాడు. చప్పట్లు మారుమోగాయి. ఇంత బాగా మాట్లాడే అధ్యక్షుణ్ణి తాను చూడలేదని లోరెట్టా పక్కావిడ చెవిలో ఊదింది.

మొదటి బహుమతి వెర్నన్‌ది. బరువైన ఇత్తడి జ్ఞాపిక ఎత్తగానే ఓటిస్‌కి తన పాత్రకిచ్చిన రోగం గుర్తొచ్చింది. బరువెత్తితే గుండెలో నొప్పి! అంతే, గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. వెర్నన్ చాపిన చేతులు చాపినట్టే ఉండగా జ్ఞాపిక పోయి చిల్లీ కూరలో పడింది.

హాల్లోని విద్యార్థులంతా స్టెతస్కోపులతో మీదపడ్డారు.

"నాకేం లేదు, వదలండి!" అన్నాడు ఓటిస్, పాత్రలో ఉన్నట్టే.

"అలా అనేవాణ్ణి అస్సలు నమ్మకూడదు! వెర్నన్ సారే నేర్పారు!" అని ఒకడు అరిచాడు.

లోరెట్టా అంబులెన్సు పిలిచింది. వాళ్లు వస్తూనే కత్తెర తీసి కోటు నిలువునా కోశారు. అది అద్దెకోటు. అయినా ఓటిస్ మూలిగాడే గాని పాత్ర వదల్లేదు. సూది పొడవబోతుండగా పరీక్ష ముగిసిన గంట మోగింది. ఓటిస్ టక్కున లేచి కూర్చుని, "ఎలా చేశానండీ?" అన్నాడు.

అప్పుడే కాగితం గౌనులో ఉన్న స్వెడ్‌లండ్‌ని పట్టుకుని జోలీన్ మెట్లు దిగింది.

"సార్, ఈయనది నటన కాదు!" అని వెర్నన్‌కేసి అరిచింది. "గుండె లయ తప్పింది, ఒళ్లంతా చల్లటి చెమటలు. త్వరగా ఆస్పత్రికి తీసుకెళ్లండి!"

"అధ్యక్షుణ్ణి నేనే," అని స్వెడ్‌లండ్ మూలిగాడు.

"అయ్యో, అధ్యక్షులవారూ!" అని లోరెట్టా కెవ్వుమంది.

స్ట్రెచరు సిద్ధంగానే ఉంది. ఓటిస్ దిగాడు, స్వెడ్‌లండ్ ఎక్కాడు.

సాయంత్రం ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచారట, ఇంకొక్క రోజు ఆగుంటే మనిషి దక్కేవాడు కాదట. లోరెట్టా జోలీన్‌ని వాటేసుకుని ఏడ్చింది. ఈ కాలేజీ పుట్టాక ఇంతటి ఘనత ఏ విద్యార్థీ తేలేదని అందరి ముందూ ప్రకటించింది. జోలీన్ ఆనందం పట్టలేక వెర్నన్ దగ్గరికి పరుగెత్తింది.

"అయితే నేను పాసయినట్టేనా సార్?"

జ్ఞాపికకి అంటిన చిల్లీ తుడుచుకుంటున్న వెర్నన్ చాలా బాధగా తల అడ్డంగా ఊపాడు. "గురువారం మళ్లీ రామ్మా. నిబంధన ప్రకారం ఆ పరీక్షకి వచ్చే రోగికి నిజంగా జబ్బు ఉండకూడదు."