మా పెరటి మట్టికి వచ్చిన మంచి మార్కులు

విషం తాగిన నేల ఉండటం ఏ ఊరికైనా అదృష్టమని నేనంటాను. నవ్వకండి! మా ఊరికి ఆ అదృష్టం పట్టింది కాబట్టే అంటున్నాను.

మా ఇంటి వెనక సందు దాటితే రంగుల ఫ్యాక్టరీ. మూతపడి ఇరవై ఏళ్ళు. దాంతోపాటే సినిమా హాలు పోయింది, బ్యాంకు పోయింది, మా వీధిలో సగం ఇళ్ళకి తాళాలు పడ్డాయి. బస్సు మనుషుల్ని ఎక్కించుకుపోవడమే గాని దించింది లేదు. వెళ్ళే ప్రతి బస్సుకీ చెయ్యి ఊపి ఊపి నా భుజం పట్టేసింది.

మరి ఇప్పుడో? రోజూ మూడు జీపులు! ఆ స్థలంలో కొత్త ఇళ్ళు కట్టాలట. కట్టేముందు మట్టిలో విషం ఎంతుందో చూడాలట. మంచి నేల ఉన్న పక్క ఊరికి ఒక్క జీపైనా వచ్చిందా?

ఇక ఆ మట్టికి జరిగే మర్యాద చూడాలి! తవ్వేవాళ్ళకి చేతులకి తొడుగులు, మూతికి గుడ్డ, కాళ్ళకి బూట్లు. గజం గజానికీ గొట్టం దించి, పిడికెడు మట్టి పైకి తీసి, సీసాలో పోసి, తేదీ రాసి, ఐస్ పెట్టెలో పెట్టి, ఏసీ కారులో ల్యాబుకి పంపుతారు. ఆ ఫ్యాక్టరీలోనే ఇరవై ఆరేళ్ళు రంగులు కలిపిన మా ఆయన్ని, దగ్గు ముదిరినప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్ళింది కూరగాయల బండి మీద. ఆయన మట్టిగా పుట్టి ఉంటే ఎంత బాగుండేది!

అసలు అదృష్టం ఇంకా ముందుంది. ఒక ఉదయం మట్టి డాక్టరమ్మ మా పెరటి తలుపు తట్టింది. ఆ జీపుల మీద పెత్తనం చేసే ఇంజనీరమ్మాయికి మా వీధి పెట్టుకున్న పేరది.

"పెద్దమ్మగారూ, మీ పెరట్లో పిడికెడు మట్టి కావాలండీ. ఫ్యాక్టరీ మట్టిని పోల్చి చూడటానికి పక్కనే మామూలు మట్టి ఒకటి ఉండాలి."

"పిడికెడేం ఖర్మ తల్లీ, తట్టెడు తీసుకో!"

"ఇక్కడెప్పుడైనా ఫ్యాక్టరీ చెత్త పోశారా?"

మా అమ్మాయి, అల్లుడు, మనవరాలు నా దగ్గరే ఉంటారు. మనవరాలికి నాలుగేళ్ళు. రోజంతా ఆ పెరట్లోనే, మట్టితో ఇళ్ళు కట్టి కూలగొడుతూ. దాని మోచేతుల మీద దద్దుర్లు తగ్గడం లేదు. "ఈ మట్టి మంచిది కాదని తేలిందా, మర్నాడే మేం బస్సెక్కేస్తాం, అమ్మా" అని అమ్మాయి అప్పటికే అనేసి ఉంది.

"చెత్తా? నా పెరట్లోనా? చీపురుపుల్ల కూడా పడనివ్వను!" అన్నాను.

"అందరూ మీలాగే ఉంటే మా పని ఎంత తేలికో!" అని ఆ పిల్ల మురిసిపోతూ రాసుకుంది.

ముప్పై ఏళ్ళ కిందట మా పెరడు పల్లం. వానొస్తే మోకాల్లోతు నీళ్ళు. ఫ్యాక్టరీ వాళ్ళు తమ గుంటల్లోంచి తీసిన మడ్డిని అడిగినవాళ్ళకల్లా ఊరికే పోసేవారు. అందరూ నాలుగు బళ్ళు పోయించుకుంటే, నేను బతిమాలి ఆరు పోయించుకున్నాను.

పోయిన వారం మునిసిపల్ ఆఫీసు గోడకి కాగితం అంటించారు. కిరాణా పొట్లాలు విప్పి చదువు నేర్చుకున్నదాన్ని, ఏ కాగితమైనా చివరిదాకా చదవందే కదలను. "ఫ్యాక్టరీ మట్టికీ, పక్కనున్న శుభ్రమైన మట్టికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇళ్ళు కట్టవచ్చు."

ఎంత గొప్ప శాస్త్రం! రెండు మట్టులూ కవలపిల్లల్లా ఉన్నాయి కాబట్టి రెండూ బంగారాలే! ఇలా పోల్చుకుంటూ పోతే లోకంలో చెడ్డ నేలంటూ మిగులుతుందా? జ్వరం మనిషిని పక్క మంచం మీది జ్వరం మనిషితో పోల్చి ఇద్దర్నీ ఇంటికి పంపేయొచ్చు. పరీక్ష తప్పినవాణ్ణి తప్పినవాడి పక్కన నిలబెట్టి ఇద్దరికీ ఫస్టుక్లాసు ఇచ్చేయొచ్చు! ఎక్కడ నేల పాడైనా నాకు కబురు చేయండి. మా పెరటి మట్టి పంపిస్తాను.

కాగితం సంగతి విని అమ్మాయి నన్ను వాటేసుకుంది. "ఇంకెక్కడికీ వెళ్ళం అమ్మా! అక్కడే ఇల్లు తీసుకుంటాం. నీ పెరటి తలుపు తీస్తే మా గుమ్మమే!"

నేను కోరుకున్నదీ అదే కదా? ఇంతకన్నా అదృష్టం ఉంటుందా?

ఒక్కటే నాకు మింగుడుపడటం లేదు. పంపు నీళ్ళకి ఒళ్ళు దురదలు పెడుతోందని మా వీధి ఆడవాళ్ళం ఇరవై ఏళ్ళు మొత్తుకుంటే "రుజువేదీ?" అన్నారు. అది నిజం. నా పెరడు శుభ్రమని నేను ఒక్కసారి అంటే, రుజువు అడక్కుండా గోడకి అంటించారు. అది అబద్ధం.

మట్టి డాక్టరమ్మా, ఆరు బళ్ళు. బట్టలారేసే తీగ దగ్గర్నుంచి గోడ దాకా. ఇది కూడా రాసుకో.

నేనిది రాసి పంపుతున్న ఈ పత్రికని మా అమ్మాయి ఆదివారం తీరిగ్గా చదువుతుంది. అందుకే శనివారమే దాని పెద్ద పెట్టెని అటక మీంచి దింపించి, దుమ్ము దులిపి, గుమ్మం పక్కన పెడతాను. బస్సు సోమవారం ఉదయం. భుజానికి ఇప్పట్నుంచే మందు పట్టిస్తున్నాను.