అందరిలాంటివారు దరఖాస్తు చేయనక్కరలేదు

మనిషి పుట్టగానే అందరిలాగే ఏడుస్తాడు. ఆ ఒక్క పొరపాటు దిద్దుకోవడానికే అతనికి మిగతా జీవితం సరిపోతుంది. ఈ దిద్దుబాటు కోసం ఒక పద్ధతిని, ఒక వేళను, ఫ్యాను తిరగని ఒక వెయిటింగ్ హాలును ఏర్పాటు చేయడమే ఆధునిక నాగరికత సాధించిన మహత్తర విజయం. దాన్ని ఇంటర్వ్యూ అంటారు. పూర్వం ఇంటర్వ్యూల్లో పని వచ్చా అని అడిగేవారట. ఆ మోటు అలవాటు ఇప్పుడు పూర్తిగా పోయింది. ఇప్పుడు అడిగేదల్లా మీరు మిగతావారికంటే ఎలా భిన్నం అని మాత్రమే. (పని వచ్చో రాదో చేరాక ఎలాగూ తెలుస్తుంది. తెలియకపోయినా ఫరవాలేదు, పైవాళ్లకు కూడా తెలియదు.)

నాగరికత ఇంత ముందుకు పోయిందన్న సంగతి కండక్టరుకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

బస్సు ఆయన్ని దింపేసి ఏడాది దాటినా వీధిలో అందరూ ఇంకా కండక్టరనే పిలుస్తారు. బస్సులో టికెట్లు ఇచ్చే యంత్రం ఒకటి బిగించారు. స్టాపులు చెప్పడానికి ఎవరిదో గొంతు రికార్డు చేసి పెట్టారు. అది ప్రతి స్టాపునూ ఎంతో మర్యాదగా, ఆ స్టాపు దాటిపోయాక చెబుతుంది. ప్రయాణికులు మొదట్లో గొణిగారు, తర్వాత ఒక స్టాపు ముందే లేచి నిలబడటం అలవాటు చేసుకున్నారు.

కండక్టరు భార్య స్కూలు యూనిఫాంలు కుడుతుంది. ఆయన ఉద్యోగం పోయిన నెల నుంచే ఆమె ఇంకో స్కూలు పని కూడా ఒప్పుకుంది. దాంతో కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవక ఎడమ చేత్తోనే తల దువ్వుకుంటోంది. కొన్నాళ్లపాటు మిషను ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. “మా ఆయనకి ఉద్యోగం రానివ్వండి డాక్టరుగారూ, ముట్టుకుంటే ఒట్టు,” అని చెప్పి, ఇంటికొచ్చి మళ్లీ మిషను ముందు కూర్చుంది. ఆమె ఆయన్ని ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండునని ఆయన చాలాసార్లు అనుకున్నాడు. ఆయనకు కావలసింది ప్రత్యేకత కాదు, ఉద్యోగం. ఆ ముక్క ఆయనకు బాగా తెలుసు.

అలాంటి రోజుల్లో మిక్సీలు, ఫ్యాన్లు, కుట్టుమిషను మోటార్లు తయారుచేసే ఒక పెద్ద కంపెనీ ప్రకటన వేసింది. హెల్ప్‌లైనులో ఫోన్లెత్తి జనం కష్టాలు వినే ఉద్యోగం, ఖాళీ ఒకటి. ‘సృజనాత్మకత, విశిష్ట వ్యక్తిత్వం గల అభ్యర్థి కావలెను. అందరిలాంటివారు దరఖాస్తు చేయనక్కరలేదు’ అని అందులో ఉంది. ఆ చివరి వాక్యం చదివి, తమను గురించి కాదనుకుని, ఊరు ఊరంతా దరఖాస్తు చేసింది.

కండక్టరుకు తర్ఫీదు ఇచ్చే బాధ్యత బావమరిది నెత్తినేసుకున్నాడు. ఇంటర్వ్యూలో ఎలా నిలవాలో చెప్పే వీడియోలన్నీ ఆ కుర్రాడు చూసేశాడు. (స్వయంగా చాలా ఇంటర్వ్యూల్లో నిలిచాడు కూడా. ఇంకా కూర్చోమని ఎవరూ అనలేదు.)

“బావా, నువ్వు లోపలికెళ్లి నమస్కారం పెట్టావనుకో, అయిపోయావ్. అందరూ పెట్టేదే అది. వెళ్లగానే నువ్వే వాళ్లని కూర్చోమనాలి.”

“వాళ్లు అప్పటికే కూర్చునుంటారు కదరా?”

“అదే మరి! బిత్తరపోతారు. అప్పుడు గొడుగు తెరువు.”

“గొడుగేంటి?”

“నీ బయోడేటా గొడుగు మీద రాయిద్దాం. నువ్వు తెరిచి గిర్రున తిప్పుతావు. వాళ్లు కూర్చున్నచోటి నుంచే నీ చదువు, అనుభవం అంతా చదివేస్తారు. ప్రపంచంలో ఇంతవరకూ ఎవ్వడూ చెయ్యలేదు బావా.”

కండక్టరు భార్యవైపు చూశాడు. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ, “ఎండ మండిపోతోంది, గొడుగు మంచిదే కదండీ,” అంది. అలా గొడుగు ఖాయమైంది.

కంపెనీ వెయిటింగ్ హాల్లో అడుగుపెట్టేసరికి కండక్టరుకు లోపలెక్కడో వాన పడుతోందేమో అనిపించింది. ఎటు చూసినా గొడుగులే. నల్లవి, పూలవి, మడతవి, అన్నింటిమీదా చదువు, అనుభవం, అభిరుచులు. ఆ వీడియో అందరూ చూసినట్టున్నారు. గొడుగు లేనివాళ్లు ఇంకా భయంకరంగా ఉన్నారు. ఒకాయన ‘పైకెక్కాలన్న తపన’ను సూచించడానికి నిజం నిచ్చెన తెచ్చుకున్నాడు. ఒకావిడ తన మొహమే అచ్చేసిన చీర కట్టుకుంది. ఇంకో అబ్బాయి పొద్దుటి నుంచీ వెనక్కే నడుస్తున్నాడు, కారణం ఎవరైనా అడుగుతారేమోనని ఆశగా చూస్తూ. హాలు అటెండరు ఇవన్నీ చూసి చూసి రాటుదేలిన మనిషి.

“గొడుగులవాళ్లు ఎడంపక్క! ఏడుపు కథలవాళ్లు కుడిపక్క! వెనక్కి నడిచే బాబూ, నీకు గోడొస్తోంది చూసుకో,” అని అరుస్తున్నాడు.

ఇంటర్వ్యూకు ముందు ప్రత్యేకతా నిర్ధారణాధికారిణి దగ్గర ధ్రువీకరణ చేయించుకోవాలి. ఒక అభ్యర్థి వాడిన ప్రత్యేకతను మరో అభ్యర్థి ఏడేళ్లపాటు వాడరాదని కంపెనీ నిబంధన. (ఒకే ప్రత్యేకత ఇద్దరికి ఉంటే అది ప్రత్యేకత కాదు, ముఠా.) ఆమె కంప్యూటరులోంచి తల ఎత్తకుండానే అడిగింది.

“మీ ప్రత్యేకత?”

“గొడుగండీ.”

“అయిపోయింది. ఇంకోటి చెప్పండి.”

“కష్టపడి పనిచేస్తానండీ.”

“అది వాడటం ఎప్పుడో ఆపేశారు.”

“నా బలహీనత ఏంటంటే, పనిలో పడితే నాకు తిండి కూడా గుర్తుండదండీ.”

“బలహీనతలు పక్క కౌంటరు. అక్కడ కూడా అది స్టాకు లేదు.”

కండక్టరుకు విసుగొచ్చింది, ఏడుపూ వచ్చింది. “అయితే నాలో ప్రత్యేకతేం లేదమ్మా. మామూలు మనిషిని,” అన్నాడు.

ఆమె మొదటిసారి తలెత్తి జాలిగా చూసింది. “అందరూ చివరికి ఇక్కడికే వస్తారు సార్. ఒకాయన ఇదే మాట చెప్పి ఉద్యోగం కొట్టేశాడు. అప్పట్నుంచి మామూలు మనుషుల తాకిడి తట్టుకోలేకపోతున్నాం.” అంటూనే ఎందుకో కనికరించి, ఆయన చీటీ మీద ‘ప్రత్యేకత పరిశీలనలో ఉన్నది’ అని ముద్ర కొట్టి లోపలికి పంపింది.

లోపల అయిదుగురు అధికారులు ఒకే రంగు కోట్లు వేసుకుని వరసగా కూర్చున్నారు. వారిలో పెద్దాయన ముఖ్య భిన్నతాధికారి. అయిదుగురి ముందూ అయిదు మంచినీళ్ల సీసాలు, అన్నీ ఒకే మట్టం వరకు ఖాళీ అయి ఉన్నాయి.

“మీకు ఒక్క నిమిషం. మేం మిమ్మల్ని మర్చిపోలేకుండా చెయ్యండి,” అన్నాడు ముఖ్య భిన్నతాధికారి.

కండక్టరు గొడుగు తెరవడమే మర్చిపోయాడు. బావమరిది చెప్పిందంతా ఒక్క దెబ్బతో ఎగిరిపోయింది. మిషను ముందు ఒక పక్కకు వంగి కూర్చున్న భార్య తప్ప ఇంకేమీ కళ్లముందు లేదు. నిమిషం కరిగిపోతోంది. సరిగ్గా అప్పుడే తన వంతు వచ్చిందనుకుని నిచ్చెనాయన తోసుకొచ్చాడు. నిచ్చెన గుమ్మంలో అడ్డం పడింది. వెనక గొడుగులవాళ్లు ఏం జరుగుతోందో చూద్దామని నెట్టారు. నిచ్చెన కిందనుంచి ఇద్దరు దూరారు, పైనుంచి ఒక గొడుగు లోపలికి పడింది. అధికారులు కెవ్వుమన్నారు.

ఆ తోపులాట చూడగానే కండక్టరు తానెక్కడున్నాడో మర్చిపోయాడు.

“ముందుకి జరగండి, ముందుకి జరగండి! లోపల బోలెడు ఖాళీ! నిచ్చెనాయనా, దాన్ని నిలువుగా పట్టుకో నాయనా, దానికీ ఓ టికెట్టు కొట్టమంటావా? గొడుగులు ముయ్యండమ్మా, కళ్లల్లో పొడిచేస్తాయి! చీరలో బొమ్మగారూ, మీరిద్దరూ ఇటు రండి! ఏం పెద్దాయనా, కోటేసుకుంటే సరా? ఒక్క సీటు జరిగితే మీ సొమ్మేం పోదు. జరగాలి, జరగాలి!”

అయిదుగురు అధికారులూ లేచి ఒక్కో కుర్చీ జరిగి కూర్చున్నారు. చివరన ఉన్న ముఖ్య భిన్నతాధికారికి కుర్చీ మిగల్లేదు. ఆయన కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో ఆయనకూ తెలియదు. ఆ గొంతు అలాంటిది. అందులో గదమాయింపు ఉంది, వేళాకోళం ఉంది, ఎంత రద్దీ ఉన్నా నిన్ను నీ చోట దింపకుండా పోనన్న భరోసా ఉంది. గదిలో అందరూ నవ్వుతున్నారు. వెనక్కి నడిచే అబ్బాయి కూడా ఇటు తిరిగి నవ్వాడు.

“ఇలాంటి గొంతు మా హెల్ప్‌లైన్ మొత్తంలో ఒక్కటీ లేదు,” అన్నాడు ముఖ్య భిన్నతాధికారి, ఇంకా ఊచ వదలకుండా. (అది మెచ్చుకోలని కండక్టరు అనుకున్నాడు. నిజానికి అది రోగనిర్ధారణ.)

ఉద్యోగం వచ్చింది. కాకపోతే ఆర్నెల్లు ట్రయల్, ఆ తర్వాత నచ్చితే పర్మనెంట్. ఇంట్లో సంబరం చేసుకున్నారు. “గొడుగు పనిచేసింది బావా!” అని బావమరిది చంకలు గుద్దుకున్నాడు. మిషను ఆపెయ్యమని కండక్టరు అంటే భార్య నవ్వి, “పర్మనెంట్ కానివ్వండి, ఆ రోజే ఆపేస్తా,” అంది.

చేరిన వారానికే ఆయన్ని ఏకరూపతా శిక్షణ విభాగానికి పిలిపించారు. అక్కడి ట్రైనరు మేడమ్ చాలా సౌమ్యురాలు. ఆయన మాట్లాడిన కాల్ ఒకటి వినిపించి, తెరమీద ఎగిరెగిరి పడుతున్న ఆకుపచ్చ గీత చూపించింది.

“ఇదిగో సార్, ఇక్కడ. మీ గొంతులో మనిషి వినిపిస్తున్నాడు.”

“క్షమించండి మేడమ్. అలవాటైపోయింది. తీసేస్తాను.”

“ఒక ముసలాయన ఫ్యాను బాగైపోయాక కూడా మీకోసం ఫోన్ చేశాడు. ఇంకొకావిడ కంప్లయింటు చెప్పడానికి చేసి, నవ్వి పెట్టేసింది. అది ఏ పద్దులో రాసుకోవాలో మాకు తెలియడం లేదు.”

కండక్టరు తల వంచుకున్నాడు. ఉండబట్టలేక అడిగాడు. “మరి మేడమ్, ఇంటర్వ్యూలో అందరిలా లేనివాళ్లనే ఎందుకు తీసుకుంటారు?”

ఆ ప్రశ్నకు ట్రైనరు మేడమ్ నిజంగానే ఆశ్చర్యపోయింది. “అందరిలాంటివాళ్లని తీసుకుంటే ఇక మా విభాగానికి పనేముంటుంది సార్?”

విభాగం పని చేసింది. మొదట వేళాకోళం తీసేశారు. అది సులువుగానే వచ్చేసింది. గదమాయింపు తియ్యడానికి నెల పట్టింది. భరోసా మాత్రం లోతుగా ఉండటంతో ఇద్దరు నిపుణులు కూర్చోవలసి వచ్చింది. అయిదో నెల దాటేసరికి ఆకుపచ్చ గీత కదలకుండా పడుకుంది. కండక్టరు ఫోన్ ఎత్తి ‘మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం’ అంటే, యంత్రం అనుకుని జనం మాట్లాడటం మానేసి నంబర్లు నొక్కుతున్నారు. కంపెనీ ఎంతో సంతోషించింది.

ఆర్నెల్లు నిండే రోజు మధ్యాహ్నం ఆయన ఒక ఫోన్ ఎత్తాడు.

“బాబూ, మిషను మోటారు కాలిన వాసనొస్తోంది. రేపటికి యూనిఫాంలు ఇచ్చెయ్యాలి,” అంది అవతలి గొంతు.

భార్యే. కండక్టరు గుండె ఒక్కసారి ఎగిరి గంతేసింది. ‘ఏమే, నేనేనే’ అనబోయాడు. ప్రతినిధి తన పేరు గానీ, బంధుత్వం గానీ బయటపెట్టరాదని నిబంధన. అద్దాల గదిలోంచి ట్రైనరు మేడమ్ చూస్తోంది.

“మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నాం,” అన్నాడు.

“అది కాదు బాబూ. మా ఆయన అక్కడే పనిచేస్తారు. ఒక్కసారి ఆయనకిస్తారా? ఆయనైతే ఏం చెయ్యాలో చెప్తారు.”

“మా ప్రతినిధులందరూ మీకు ఒకే విధమైన సేవ అందిస్తారు మేడమ్.”

“అయ్యో, అందరూ ఒకటెలా అవుతారు? ఆయన గొంతే వేరు. మీరూ వినే ఉంటారు. వెయ్యిమందిలో ఉన్నా నేను గుర్తుపట్టేస్తాను. ఒక్క నిమిషం పిలవండి బాబూ, మీకు పుణ్యముంటుంది.”

తెరమీద గీత కొద్దిగా వణికింది. కండక్టరు దాన్ని చూశాడు. ఎడమ చేత్తో తల దువ్వుకునే మనిషి గుర్తొచ్చింది. ఇంకొన్ని గంటలు ఓపిక పడితే ఆ మనిషి మిషను ముందునుంచి లేస్తుంది. అయినా గొంతు విప్పాలని ఎంత ఉందంటే, ఆయనకు ఏడుపొచ్చింది. గీత మళ్లీ చదునుగా పడుకుంది.

“ఇంకేమైనా సహాయం కావాలా మేడమ్?”

“వద్దులెండి,” అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఫోన్ నంబరు ఆయన ఇంటిదేనని తెరమీద చూసుకున్న ట్రైనరు మేడమ్ గదిలోంచి పరుగున వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపింది. సొంత భార్య కూడా గుర్తుపట్టని ప్రతినిధి కంపెనీ చరిత్రలోనే లేడట. ఆ కాల్‌ను కొత్తవాళ్ల శిక్షణలో వాడుకుంటామంది. సాయంత్రానికల్లా పర్మనెంట్ ఆర్డరు చేతికిచ్చారు.

ఇంటికెళ్లి ఆ మాట చెప్పగానే భార్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మెడలోని టేపు తీసి మేకుకు తగిలించింది. ఆయనకు మంచినీళ్లిచ్చి, ఎన్నో నెలల తర్వాత మొదటిసారి తీరిగ్గా పక్కన కూర్చుంది.

“ఇవాళ మీ ఆఫీసుకి ఫోన్ చేశానండీ. ఎవడో ఎత్తాడు. మిమ్మల్ని పిలవమని ఎంత బతిమాలినా పిలవలేదు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అలాంటివాణ్ణి ఉద్యోగంలో ఎలా ఉంచుతారండీ?”

“వాడికీ ఇవాళే పర్మనెంటయింది,” అన్నాడు కండక్టరు.